కుప్ప పోసిన రాయికీ ఒక ప్లాన్ ఉండాలి

ఓపెన్‌కాస్ట్ గనిలో, అంటే నేల పైనుంచి గొయ్యిలా తవ్వే గనిలో, ప్లానింగ్ అనగానే అందరి కళ్లూ గొయ్యి మీదికే పోతాయి. ఏ బెంచ్ (గొయ్యిలో మెట్టులా తవ్వే పొర) ఎప్పుడు తెరవాలి, ఓవర్‌బర్డెన్ (ఖనిజం పైనున్న మట్టీ రాయీ) ఎంత తీయాలి, తవ్వే షవల్ ఎక్కడ నిలపాలి, హాల్ రోడ్డు ఎటు తిప్పాలి. వీటికి జవాబు చెప్పే సాఫ్ట్‌వేర్లున్నాయి, అనుభవమున్న మనుషులున్నారు. రాయి గొయ్యి దాటి పైకొచ్చాక మాత్రం ఆ శ్రద్ధ ఉండదు. క్రషర్‌కు పోవాల్సింది పోతుంది, మిగతాది స్టాక్‌యార్డులో ఒక మూల కుప్పగా పడుతుంది. దానికో నంబరు, ఒక సగటు గ్రేడ్ (రాయిలో లోహం పాలు) రాసి వదిలేస్తారు. ప్లానింగ్ పనిలో ఉన్నవాడిగా నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. ఏది తవ్వాలి, ఏది నిల్వ పెట్టాలి, దేన్ని దేనితో కలపాలి అన్నవి మూడూ కలిసి ఒకే నిర్ణయం. దాన్ని ముగ్గురికి పంచి, ఒకరి లెక్క ఇంకొకరు చూడకుండా పనిచేయించడం వల్ల అమ్ముకోగలిగిన ఖనిజం పనికిరాని రాయిగా మిగిలిపోతోంది.

ముందు, ప్లాన్ ఎలా తయారవుతుందో చూడాలి. ఖనిజమున్న నేలనంతా కంప్యూటర్‌లో బ్లాకులుగా విడగొడతారు. పెద్ద లోహపు గనుల్లో బ్లాకు ఎత్తు సాధారణంగా బెంచ్ ఎత్తుకు సరిపోయేలా 10 నుంచి 15 మీటర్లు పెట్టుకుంటారు. డ్రిల్లింగ్‌లో వచ్చిన శాంపిళ్లను బట్టి ప్రతి బ్లాకుకూ గ్రేడ్ అంచనా వేస్తారు. అమ్మితే ఎంత వస్తుంది, తవ్వడానికీ మోయడానికీ శుద్ధి చేయడానికీ ఎంత పోతుంది అని లెక్కగట్టి బ్లాకుకు ఒక విలువ రాస్తారు. గొయ్యి గోడలు కూలకుండా నిలవాలంటే కొంత వాలు ఉండాలి, కాబట్టి కింది బ్లాకును ముట్టుకోవాలంటే దానిపైన గరాటులా పరుచుకున్న బ్లాకులన్నీ తీయాలి. ఈ షరతుకు లోబడి అన్నిటికన్నా ఎక్కువ విలువ తెచ్చే గొయ్యి ఆకారాన్ని ఎలా కనుక్కోవాలో 1965లో లెర్క్స్, గ్రాస్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. లెక్క చేసే పద్ధతులు ఆ తర్వాత చాలా వేగం పుంజుకున్నాయి. వెనకున్న ఆలోచన మాత్రం అదే.

చాలా గొప్ప పని అది. అయితే అందులో ఒక ఊహ దాగి ఉంది. ప్రతి బ్లాకుకూ దానికంటూ సొంత విలువ ఉంటుందనీ, పక్క బ్లాకుతో దానికి సంబంధం లేదనీ ఆ లెక్క అనుకుంటుంది. కలిపి అమ్మే ఖనిజాల్లో ఈ ఊహ నిలబడదు.

ఇనుప ఖనిజాన్నే తీసుకుందాం. కొనేవాళ్లకు ఇనుము కనీసం 62 శాతం ఉండాలి, అల్యూమినా అనే మలినం 2.5 శాతం దాటకూడదు అనుకోండి. ఒక బ్లాకులో ఇనుము 64, అల్యూమినా 1.8. ఇంకో బ్లాకులో ఇనుము 60, అల్యూమినా 3. రెండోదాన్ని విడిగా ఎవరూ తీసుకోరు. సమానంగా కలిపితే ఇనుము సరిగ్గా 62, అల్యూమినా 2.4. మొత్తం సరుకు అమ్ముడవుతుంది. అంటే మంచి రాయి టన్ను, నాసి రాయి టన్నును తనతో పాటు బజారుకు మోసుకుపోతోంది. మంచి రాయి అసలు విలువ ఇదే. ఈ నెల టార్గెట్ అందుకోవాలని ఆ 64ను విడిగా పంపేస్తే, నాసి రాయికి తోడు పోతుంది. అది ఆ రోజు ఎవరి రిపోర్టులోనూ కనపడదు. పైగా ఆ నెల గ్రేడ్ బాగా వచ్చిందని మెచ్చుకోళ్లు కూడా దక్కుతాయి. నష్టం కొన్నేళ్లకు బయటపడుతుంది. బెంచీల నిండా 59, 60 శాతం రాయి ఉంటుంది, దానికి జోడీ మాత్రం ఎక్కడా ఉండదు.

అందుకే రెండో బ్లాకు ఖనిజమా, వేస్టా అని విడిగా అడిగితే జవాబు లేదు. అది ఎప్పుడు బయటికొస్తుంది, ఆ సమయానికి పక్కన ఏముంటుంది, యార్డులో ఏం దాచి ఉంచాం అన్నదాన్ని బట్టి దాని జాతకం తేలుతుంది. తవ్వే వరస మారితే రాయి విలువ మారిపోతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో రియో టింటో పదికి పైగా గనుల సరుకును రైళ్లలో ఓడరేవులకు తెచ్చి, కలిపి, ఒకే బ్లెండ్‌గా అమ్ముతుంది. అలాంటి చోట ఒక గనిని విడిగా తీసుకుని ఇందులో ఏది మంచి ఖనిజమో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. మొత్తం గొలుసును చూశాకే మాట్లాడగలరు.

ఇక కాలం సంగతి. కట్-ఆఫ్ గ్రేడ్ (ఏ గ్రేడ్ పైనున్న రాయిని ప్లాంటుకు పంపాలో చెప్పే సరిహద్దు) గురించి కెన్నెత్ లేన్ 1964లో రాసిన వ్యాసం ఈ రంగంలో ఒక మలుపు. ఖర్చులకు సరిపడా విలువ వచ్చే గ్రేడ్‌నే సరిహద్దుగా పెట్టుకుంటే చాలని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఆయన సామర్థ్యాల వైపు చూపు తిప్పారు. గని ఎంత తవ్వగలదు, ప్లాంటు ఎంత మింగగలదు, బజారు ఎంత కొనగలదు. ప్లాంటు నిండిపోయి ఉన్నప్పుడు అందులోకి ఒక టన్ను బొటాబొటి రాయి వేయడమంటే ఒక టన్ను మంచి రాయిని వెనక్కి నెట్టడమే. కాబట్టి మొదటి ఏళ్లలో కట్-ఆఫ్ ఎక్కువగా పెట్టి, గని వయసు పెరిగే కొద్దీ తగ్గించుకుంటూ రావాలి. ఖర్చు గిట్టుబాటయ్యే గ్రేడ్‌కూ, ఆనాటి కట్-ఆఫ్‌కూ మధ్య పడిన రాయిని స్టాక్‌పైల్‌లో, అంటే నిల్వ కుప్పలో, పెట్టుకుని, గొయ్యి ఖాళీ అయ్యే రోజుల్లో వాడుకోవాలి.

ఈ తర్కం సరైనదే. దీన్ని సగమే పట్టుకోవడంతో గొడవ మొదలవుతుంది. "దాచి పెట్టు, తర్వాత చూద్దాం" అన్నంత వరకు అందరికీ వచ్చు. తర్వాత అంటే ఎప్పుడు? ఏటా 10 శాతం డిస్కౌంట్ రేటు వేస్తే, 15 ఏళ్ల తర్వాత చేతికొచ్చే ఆదాయానికి ఇవాళ్టి లెక్కలో నాలుగో వంతు విలువ కూడా ఉండదు. తవ్విన ఖర్చు, ఇక్కడికి మోసిన ఖర్చు మాత్రం ఇవాళే పోయింది. మళ్లీ లోడర్‌తో ఎత్తి, డంపర్‌లో పోసి, క్రషర్ దాకా తీసుకెళ్లే ఖర్చు ముందుంది. ఇన్నీ కలుపుకున్నాక కూడా ఆ రాయి నిలబడుతుందా అని ప్రతి కుప్ప దగ్గరా అడగాలి. చాలా చోట్ల ఈ ప్రశ్న అడగకుండానే కుప్ప పెరుగుతూ పోతుంది. వేస్ట్ డంప్‌కు పంపితే ఖనిజాన్ని పారేశారన్న మాట పడాలి, ప్లాంటుకు పంపితే గ్రేడ్ పాడుచేశారన్న మాట పడాలి. కుప్పలో పోస్తే ఎవరూ ఏమీ అనరు. అందుకే స్టాక్‌యార్డు, తేల్చుకోలేని ప్రతి విషయాన్నీ తోసేసే చోటుగా మారిపోతుంది.

కుప్పలో పోసిన రాయి పోసినట్టే ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. కాగితం మీద మారదు, యార్డులో మారుతుంది. రాగి సల్ఫైడ్ ఖనిజాన్ని ఏళ్ల తరబడి గాలికీ వానకూ వదిలేస్తే రేణువుల పైపొర ఆక్సీకరణ చెందుతుంది. ఫ్లోటేషన్‌లో, అంటే ఖనిజాన్ని బుడగలతో తేల్చి వేరుచేసే పద్ధతిలో, బుడగలకు అంటుకోవాల్సిన రాగి అంటుకోదు, రికవరీ (రాయిలోంచి చేతికొచ్చే లోహం వాటా) పడిపోతుంది. అస్సేలో (ల్యాబ్ పరీక్షలో) రాగి అంతే ఉంటుంది, చేతికి మాత్రం అంత రాదు. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఎక్కువగా ఉంటే ఆ కుప్ప నుంచి ఆమ్లం కలిసిన నీళ్లు కారతాయి. బొగ్గయితే తనంతట తానే వేడెక్కి నిప్పంటుకుంటుంది, ముఖ్యంగా సరిగ్గా అణచకుండా ఎత్తుగా పోసిన చోట. బంకమట్టి కలిసిన ఇనుప ఖనిజం వానల తర్వాత క్రషర్ నోట్లో, రాయి జారే చూట్లలో అతుక్కుపోయి లైను మొత్తాన్ని ఆపేస్తుంది. ఎత్తి దించిన ప్రతిసారీ రాయి కొంత నలిగి పొడి పెరుగుతుంది.

ఇక డంపర్ పైనుంచి అంచు మీద దించితే పెద్ద బండలు దొర్లుకుంటూ అడుగుకు చేరతాయి, మెత్తటి పొడి పైనే ఆగుతుంది. చాలా ఖనిజాల్లో పొడికీ బండకూ గ్రేడ్ ఒకటి కాదు. ఇనుప ఖనిజంలో మట్టి పొడితో పాటు ఉంటుంది, అల్యూమినా దానితో పాటు వస్తుంది. ఒకే రోజు పోసిన కుప్పలో కూడా అడుగు వేరు, పైభాగం వేరు అవుతుంది.

సగటు అనే అంకె చేసే మోసం మరీ పెద్దది. ఒక కుప్పలో మొదట ఆరు నెలలు 64 శాతం రాయి పోశారు, తర్వాత ఆరు నెలలు అంతే పరిమాణంలో 58 శాతం రాయి పోశారు అనుకుందాం. రిజిస్టర్‌లో 61 అని రాస్తారు. ఆ కుప్పలో 61 శాతం ఉన్న రాయి ఒక్క డంపర్ లోడు కూడా లేకపోవచ్చు. చివర పోసింది ముందు వైపు ఉంటుంది, లోడర్ ముందు దాన్నే ఎత్తుతుంది. 61 వస్తుందని నమ్మి బ్లెండ్ లెక్క వేసుకున్న షిఫ్టు ఇన్‌చార్జికి వరసగా 58 వస్తూనే ఉంటుంది. నేను పనిచేసిన ఒక గనిలో సరిగ్గా ఇలాంటి కుప్పను ఏడాది చివరి లోటు పూడ్చడానికని ప్లాన్‌లో రాసుకున్నారు. తీరా అవసరమైనప్పుడు అందులోంచి తడి మట్టి కలిసిన నాసి రాయి వచ్చింది. ప్లాంటు వాళ్లు ఆ రోజు నుంచి స్టాక్ రిపోర్టును చదవడమే మానేశారు. అంకె తప్పు కాదు. ఏ లోడు ఎక్కడ పడిందో రాసుకోకపోవడం తప్పు.

ఆప్టిమైజేషన్ మోడళ్లు కూడా ఇక్కడే తడబడతాయి. లెక్క సులువుగా తేలాలని కొన్ని మోడళ్లు స్టాక్‌లోకి వెళ్లిన ప్రతి బ్లాకూ తన గ్రేడ్‌ను విడిగా నిలుపుకుంటుందని ఊహిస్తాయి. అప్పుడు కంప్యూటర్ కుప్ప మధ్యలోంచి 64 శాతం రాళ్లను మాత్రమే ఏరుకుని బ్రహ్మాండమైన ప్లాన్ ఇస్తుంది. ఏ లోడర్ కూడా అలా ఏరలేదు. రెండో దారి, కుప్పలో పడింది పడ్డట్టే పూర్తిగా కలిసిపోతుందనుకోవడం. అప్పుడు ఎంత తీస్తాం, ఎంత గ్రేడ్‌తో తీస్తాం అన్న రెండు తెలియని అంకెల్ని గుణించాల్సి వస్తుంది. లెక్క సరళరేఖలో ఉండదు, పెద్ద గనికి దాన్ని తేల్చడం చాలా కష్టం. నడిమార్గంగా గ్రేడ్ శ్రేణుల వారీగా కుప్పలు విడగొడతారు: 58 నుంచి 60 దాకా ఒకటి, 60 నుంచి 62 దాకా ఒకటి, మట్టి ఎక్కువున్నది విడిగా. నాకు ఇదే నచ్చుతుంది. ఒక్కో కుప్పలో తేడా తక్కువ కాబట్టి సగటు అబద్ధమాడే అవకాశమూ తక్కువ. స్థలం చాలదని అభ్యంతరం చెబుతారు. స్థలం నిజంగానే ఇబ్బంది. అయితే స్టాక్‌యార్డు విస్తీర్ణాన్ని గని మొదలుపెట్టేటప్పుడే, వేస్ట్ డంప్‌కు ఇచ్చినంత ఆలోచన పెట్టి తేల్చుకుని ఉంటే ఆ ఇబ్బంది ఇంత ఉండేది కాదు.

అసలు 64 అని మనం రాసుకున్నది నిజంగా 64నా? ఈ ప్రశ్న లేకుండా బ్లెండింగ్ గురించి మాట్లాడటం దండగ. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసిన డానీ క్రీగ్ 1951లో చూపించిన విషయం ఇప్పటికీ ప్రతి గనిలోనూ కనపడుతుంది. శాంపిళ్లను బట్టి బాగా గొప్పవని అంచనా వేసిన బ్లాకులు తవ్వి చూస్తే సగటున అంచనా కన్నా తక్కువ తేలాయి. నాసివని పక్కన పెట్టినవి సగటున అంచనా కన్నా మెరుగ్గా తేలాయి. క్రీగ్ పని మీదే తర్వాత ఫ్రెంచ్ గణితవేత్త మాథెరాన్ జియోస్టాటిస్టిక్స్ అనే అంచనాల శాస్త్రాన్ని నిలబెట్టారు, అందులోని అంచనా పద్ధతికి క్రీగ్ పేరు మీదుగానే క్రీగింగ్ అన్న పేరొచ్చింది. పద్ధతులు మెరుగుపడ్డాయి, అంచనాకూ నిజానికీ మధ్య దూరం తగ్గింది, పోలేదు. పై ఉదాహరణలో ఆ 64 నిజానికి 63.2 అయితే, సమానంగా కలిపిన సరుకు 61.6కు దిగుతుంది. ఒప్పందం ప్రకారం అది ఇక సరైన సరుకు కాదు.

బ్లాస్టింగ్ సంగతి చేరితే చిక్కు ఇంకా ముదురుతుంది. పేలుడుకు ముందు జియాలజిస్టు నేల మీద ఖనిజం హద్దు గీస్తారు. పేలుడుతో రాయి కొన్ని మీటర్లు పక్కకు జరుగుతుంది. పాత హద్దునే పట్టుకుని షవల్ తవ్వితే ఖనిజం కొంత వేస్ట్ డంప్‌కు, వేస్ట్ కొంత క్రషర్‌కు పోతుంది. ఎంత జరిగిందో కొలిచే పరికరాలు ఇప్పుడు ఉన్నాయి. వాటి మీద పెట్టే ఖర్చు దండగని వాదించేవాళ్లతో నేను ఎప్పటికీ ఏకీభవించలేను.

అంచనాల్లో ఈ అనుమానాన్ని దాచిపెట్టకుండా ప్లాన్‌లోకే తెచ్చే పని కొంతకాలంగా జరుగుతోంది. ఒకే బ్లాకు మోడల్ బదులు, శాంపిళ్లతో పొసగే అనేక మోడళ్లను తయారుచేసి, వాటన్నిటిలోనూ మెరుగ్గా నిలిచే తవ్వకపు వరసను వెతకడం దాని సారం. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రౌసోస్ డిమిట్రాకోపౌలోస్ బృందం ఈ దారిలో ఎక్కువగా పనిచేసింది. ఇందులో స్టాక్‌పైల్‌కు అసలైన పాత్ర దొరుకుతుంది. అంచనా తప్పినప్పుడు సర్దుకోవడానికి చేతిలో ఉండే నిల్వ అది. తవ్వే వరస ముందే ఖాయం చేసుకోవాలి, స్టాక్‌లోంచి ఎంత తీయాలన్నది మాత్రం నిజం తెలిశాక మార్చుకోవచ్చు. ఈ తేడాను లెక్కలోకి తీసుకునే ప్లాన్‌లో కుప్ప ఎంత పెద్దగా ఉండాలో కూడా తెలుస్తుంది.

కలపడం గురించి ఒక మాట. సగటు సరిపోతే బ్లెండ్ సరిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. ప్లాంటుకు సగటు కన్నా నిలకడ ముఖ్యం. పొద్దున 59, సాయంత్రం 65 పంపి, రోజు సగటు 62 వచ్చిందంటే ప్లాంటు ఆపరేటర్‌కు ఒరిగేదేమీ లేదు, ప్రతి పూటా సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోవాలి, రికవరీ పోతుంది, టెన్షన్ మిగులుతుంది. సిమెంటు కోసం సున్నపురాయి తీసే క్వారీల్లో ఈ క్రమశిక్షణ నాకు ఎక్కువగా కనపడుతుంది. కిల్న్‌లోకి (కాల్చే కొలిమిలోకి) వెళ్లే ముడిమిశ్రమంలో సున్నం, సిలికా, అల్యూమినా, ఇనుము పాళ్లు కాస్త తప్పినా అందులోంచి వచ్చే క్లింకర్ పాడవుతుంది, మెగ్నీషియాకూ హద్దుంది. అందుకని సున్నం తక్కువున్న రాయిని పారేయకుండా, మేలైన రాయితో పాళ్లు చూసి కలుపుతూ క్వారీ ఆయుష్షు పెంచుకుంటారు. కుప్ప పోసే యంత్రం స్టాకర్ ముందుకూ వెనక్కూ తిరుగుతూ పలచటి పొరలు పరుస్తుంది, కుప్ప తీసే యంత్రం రీక్లెయిమర్ ఆ పొరలన్నిటికీ అడ్డంగా కోస్తుంది. పొరలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, వంద పొరలకు గ్రేడ్‌లోని హెచ్చుతగ్గులు దాదాపు పదో వంతుకు పడిపోతాయి. నిజానికి ఒకదాని వెంట ఒకటి వచ్చే లోడ్లు ఒకే బెంచ్ నుంచి వస్తాయి కాబట్టి అంత తగ్గదు. లోడ్లు రెండు మూడు ముఖాల (తవ్వుతున్న చోట్ల) నుంచి మార్చి మార్చి వచ్చేలా, డంపర్లను పంపే డిస్పాచ్ చూసుకుంటేనే ఆ ఖరీదైన యంత్రం పని సార్థకమవుతుంది. అక్కడ కూడా తవ్వే నిర్ణయం, కలిపే నిర్ణయం విడిపోలేదు.

నిల్వంటే పెట్టుబడిని నేల మీద పరిచి ఉంచడమేననీ, గొయ్యి నుంచి నేరుగా క్రషర్‌కు పంపడమే మంచిదనీ వాదించేవాళ్లున్నారు. ఖర్చు మటుకే చూస్తే వాళ్ల మాట నిజం. ఖనిజం అంతటా ఒకేలా ఉండి, రెండు మూడు ముఖాలు ఎప్పుడూ తెరిచి ఉండి, ప్లాంటు ఓపిక గలదైతే స్టాక్ చిన్నదిగా ఉంచడమే మేలు. అయితే తవ్వే వరస ఎప్పుడూ అనుకున్నట్టు సాగదు. అమెరికాలోని బింగం కాన్యన్ రాగి గనిలో 2013 ఏప్రిల్ 10న గోడ జారి, పది కోట్ల టన్నులకు పైగా రాయి గొయ్యిలోకి వచ్చి పడింది. కదలికను ముందే పసిగట్టి మనుషుల్ని ఖాళీ చేయించడంతో ఎవరికీ ఏమీ కాలేదు. తవ్వే వరస మాత్రం ఒక్క రోజులో తలకిందులైంది. అంత పెద్దది కాకపోయినా వాన, షవల్ బ్రేక్‌డౌన్, ర్యాంప్ మూసివేత లాంటివి ప్రతి గనిలోనూ జరుగుతాయి. ఆ రోజుల్లో ప్లాంటును నడిపే రాయి ఎక్కడుంది, ఏ గ్రేడ్‌లో ఉంది అని తెలిసి ఉండాలి. ఎంత అవసరమో లెక్కగట్టి అంతే పెట్టుకోవాలన్నది నా మాట. లెక్కగట్టని కుప్ప, అసలు కుప్ప లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే అది ఉందన్న ధీమాతో ముఖాలు తెరవడం వాయిదా పడుతుంది.

ఇంతకూ ఏం చేయాలంటాను? ప్లాన్‌ను గొయ్యి నుంచి బయటికి కాకుండా, అమ్మే సరుకు నుంచి వెనక్కి నడపాలి. రాబోయే ఏళ్లలో ఏ స్పెసిఫికేషన్‌కు ఎంత సరుకు కావాలో రాసుకుని, అందుకు ఏ సంవత్సరం ఏ జోడీలు కుదరాలో చూసి, ఆ జోడీలు ఒకేసారి చేతికొచ్చేలా బెంచీల వరస పెట్టాలి. ఒకేసారి రావడం కుదరని చోట మాత్రమే స్టాక్ వాడాలి. నెల టార్గెట్‌ను టన్నుల్లోనే కొలవడం మానేసి, మంచి రాయి ఎంత ఖర్చయింది, దానితో పాటు నాసి రాయి ఎంత బయటికి పోయింది అన్నది పక్కపక్కనే రాయాలి. ఈ ఒక్క అంకె ఉంటే మంచి బెంచ్‌ను ముందే ఊడ్చేయడం అందరి కంటా పడుతుంది.

గొయ్యికి బ్లాకు మోడల్ ఉన్నట్టే స్టాక్‌పైల్‌కూ ఉండాలి. డంపర్లలో జీపీఎస్ ఉన్న గనిలో ఏ లోడు కుప్పలో ఎక్కడ దించారో రాసుకోవడం కష్టమైన పని కాదు. డ్రోన్ సర్వే పరిమాణం చెబుతుంది కానీ సాంద్రత, తేమ చెప్పదు. వాటిని ఊహించకుండా కొలవాలి. పుస్తకంలో ఉన్న టన్నులకూ సర్వే టన్నులకూ తేడా వస్తే ఏడాది చివర సర్దుబాటు ఎంట్రీతో మాపేయకుండా, ఏ నెల నుంచి తేడా మొదలైందో వెతకాలి. దీర్ఘకాలపు ప్లాన్ వేసేవాళ్లు, వారం ప్లాన్ వేసేవాళ్లు, ప్లాంటు వాళ్లు ఒకే స్టాక్ పటాన్ని చూడాలి, దాన్ని మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి. ప్లాన్‌లో 2 ఏళ్ల తర్వాతకు దాచిన రాయిని ఈ వారం లోటుకు ఎత్తేయాలంటే ఆ ఒక్కరు సంతకం పెట్టాలి, దాని బదులు ఏది దాస్తున్నారో కూడా రాయాలి.

ప్రతి కుప్పకూ రెండు వివరాలు తప్పనిసరిగా ఉండాలి: దేనితో కలపడానికి దాచామన్నది, ఏ సంవత్సరం తీస్తామన్నది. ఆ రెండూ రాయలేని కుప్పను ఏటా ఒకసారి ముందేసుకుని, మళ్లీ ఎత్తే ఖర్చు, పోయే రికవరీ, గడిచే ఏళ్లు అన్నీ వేసి లెక్క చూడాలి. నిలబడకపోతే దాన్ని ఆ రోజే వేస్ట్‌గా ప్రకటించి, రిజర్వు (తవ్వి అమ్మగల ఖనిజం) లెక్కలోంచి తీసేసి, డంప్‌లో దాని చోటుకు చేర్చి, నీళ్లు లోపలికి దిగకుండా పైన మట్టి కప్పించాలి. గని మూసే రోజు దాకా ఆగితే ఆ ఖర్చు భరించడానికి ఆదాయం ఉండదు.